మర్యాద యెవరి సొత్తు? సూరత్ తెలుగువారి సంబోధనరీతి

తాపీనది పశ్చిమ సముద్రమున గలియుచోట, సూరత్ నగరమునకు పడమటగా హజీరా యను పారిశ్రామిక ప్రాంతము కలదు. దానికి చేరువనున్న సువాలీ రేవు చరిత్ర పాఠకులకు కొత్తది కాదు. 1612 నవంబరులో ఆంగ్లేయుల నావలు పోర్చుగీసు నావల నెదిర్చి నిలిచినది ఆ నీటనే. తరువాత చిరకాలము సూరత్ వర్తకపు పెద్ద యోడలు లంగరు దింపినదియు అచ్చటనే. ఆనాటి యోడల కెక్కిన సరకులలో ముఖ్యమైనది వస్త్రము. గుజరాతు పటోలాలు, మచిలీపట్నము వైపు అద్దకపు బట్టలు, రెండును జావాద్వీపము వరకు పోయెడివి. నేడు హజీరాలో నున్నవి సహజవాయువును శుద్ధిచేయు కర్మాగారము, ఎరువుల కర్మాగారము, ఉక్కు కర్మాగారము, నౌకాశ్రయము. 1980 తరువాత పెరిగిన ఈ పరిశ్రమలు దేశము నలుమూలల నుండి ఉద్యోగులను, కూలీలను రప్పించుకొన్నవి. వారిలో తెలుగువారును కలరు. వీరికంటె ముందే, మరమగ్గముల మీద పనిచేయుటకు తెలంగాణపు నేతపనివారు కుటుంబములతో సూరత్ నగరమునకు వచ్చి స్థిరపడియున్నారు. లింబాయత్ మొదలగు పేటలలో వారి తెలుగు నేటికిని వినబడుచున్నది.

ఈ రెండు విధములైన తెలుగువారు కలసికొన్నప్పుడు ఏమి జరుగును? కోస్తా జిల్లాల నుండి వచ్చిన ఇంజనీరొకడు, తాతల నాడే సూరత్ చేరిన నేతకుటుంబపు యువకుడొకడు హజీరాలో ఒక కర్మాగారపు వాకిట ఎదురైనారని యనుకొందము. పరాయి రాష్ట్రమున తెలుగుమాట చెవిని బడినదను సంతోషముతో యువకుడు "అన్నా, ఏడికెల్లి వచ్చినవే?" అని యడుగును. ఇంజనీరునకు మాట అర్థమగును. మనస్సు మాత్రము చివుక్కుమనును. ముక్కు మొగ మెరుగని వానిని ఏకవచనమున పలుకరించుట యొక తప్పు. చివరనున్న ఆ 'ఏ' కారము అంతకంటె పెద్ద తప్పు. అతని యెరుకలో అది ఆడువారిని చనువుగానో చులకనగానో పిలుచునప్పటిది. యువకుని యెరుకలో అదే 'ఏ' కారము అన్నను, మామను, తాతను ఆప్యాయముగ పలుకరించునది. భాష యొకటే, వాక్య మొకటే; ఒకనికి అమర్యాద, మరొకనికి ఆదరము.

"తెలంగాణపు మాటలో మర్యాద లేదు" అను తీర్పు చదువుకొన్నవారి నడుమ చిరకాలముగా నున్నదే. చలనచిత్రములలో ఆ మాండలికమును దుష్టపాత్రలకును హాస్యపాత్రలకును కేటాయించుటలో నున్నదియు ఈ తీర్పే. దానికి ప్రతిగా, "మర్యాద లేకపోవుటకాదు, మా భాషలో హెచ్చుతగ్గులు లేవు, అది సమతకు పుట్టినిల్లు" అను వాదము మరొకటి వినబడుచున్నది. ఈ రెండును పరీక్షకు నిలుచునవి కావు. మర్యాదగాని సమతగాని ఒక మాండలికపు పదములలో గూడుకట్టుకొని యుండవు. ఆ పదములు మనుష్యుల మధ్య ఇరువైపుల సమానముగా సాగుచున్నవా, ఒకవైపే సాగుచున్నవా అనుదానిని బట్టి అవి యేర్పడును. ఇది తేల్చుకొనుటకు సూరత్ వంటి చోటు మిక్కిలి అనుకూలమైనది. అచ్చటి తెలుగు తన ఊరి అధికారమునకు దూరమై, తన వారి నడుమ మాత్రము మిగిలిన తెలుగు.

మొదట వాడుకను చూడవలెను. కోస్తా శిష్టభాషలో గౌరవము పలుచోట్ల పైకి కనబడును: 'మీరు' అను సర్వనామమునందు, 'అండి' యందు, పేరునకు చేర్చు 'గారు' నందు, క్రియకు పట్టిన బహువచనమునందు. "మా నాన్నగారు వచ్చారండి" అను చిన్న వాక్యములో గౌరవచిహ్నములు మూడు కలవు. తెలంగాణపు పల్లెలో ఇదే సంగతి "మా నాయిన వచ్చిండు" అని ముగియును. చిహ్నమేదియు లేదు గనుక గౌరవము లేదని శిష్టుడు తీర్మానించును. కాని ఆ పల్లెటూరివాడు ఎదుటివానితో మాట కలుపునప్పుడు మొదట చేయు పని యేమి? వరుస కలుపుట. తనకంటె పెద్దవాడు అన్న, ఆమె అక్క. తండ్రి యీడువాడు కాక, చిన్నాయన, మామ. ముసలివారు తాత, అవ్వ. చిన్నవారు తమ్మి, బిడ్డ. వరుస కుదిరిన పిమ్మట 'నువ్వు' అనుటకు జంకు లేదు. "కాకా, నువ్వు కూసో" అన్నప్పుడు గౌరవము కాకా యనుటతోడనే చెల్లిపోయినది. నువ్వు అనుటలో నున్నది దగ్గరతనము. నలుగురు వచ్చినప్పుడును, కొత్తవారు వచ్చినప్పుడును "రాండ్రి, కూసోండ్రి" అనుట వారికిని తెలియును. సారు, పంతులు, పటేలు అను బిరుదులును కలవు. కావున ఈ మాండలికమునకు మర్యాద తెలియదనుట సరికాదు. ఒకచోట సర్వనామము మోయు బరువును ఇంకొకచోట బంధువాచకము మోయుచున్నది.

ఇంకొక విషయము గమనింపదగినది. "నాయిన వచ్చిండు", "నాన్న వచ్చాడు" అను తీరు తెలంగాణకే పరిమితము కాదు. రాయలసీమ పల్లెలలోను, ఉత్తరాంధ్ర పల్లెలలోను, కోస్తాలోనే పొలముపని చేసికొని బ్రదుకు ఇండ్లలోను తండ్రికి ఏకవచనక్రియయే వినబడును. అందుచేత కోస్తావారికిని తెలంగాణవారికిని నడుమనున్నదని తలచు భేదములో కొంతభాగము నిజమునకు చదువునకును శ్రమకును నడుమనున్న భేదము. ప్రాంతము పేరు పెట్టి పిలుచుటచేత ఆ సంగతి మరుగున బడినది.

సాహిత్యమును తిరుగవేసినను ఈ తీర్పునకు బలము చేకూరదు. ఆంధ్ర మహాభారతమున రాజును సంబోధించుటకు నీవు అను మాటయే చాలినది. భక్తకవులు దైవమును నీవనియే పిలిచిరి. ఏ ప్రాంతపు భక్తుడును దేవుని మీరు అని పిలువడు. అది అమర్యాద యని యెవ్వరును అనలేదు. ఒక్కరిని బహువచనమున సంబోధించుట భాషకు పుట్టుకతో వచ్చిన గుణము కాదు. సంఘములో అంతరువులు పెరిగిన కొలది స్థిరపడిన అలవాటు. దానిని భాషాసంస్కారమునకు కొలబద్దగా నిలుపుట చరిత్రను తలక్రిందులుగా చదువుటయే యగును.

వాదము తెలుగువారి తగవుగానే మిగులకుండుటకు ఈ సమస్యనే మిక్కిలి తీవ్రముగా అనుభవించిన మరొక జాతిని చూచుట మేలు. సువాలీ నుండి, మచిలీపట్నము నుండి బట్ట పోయిన ఆ జావాద్వీపమే అందుకు ఉదాహరణము. జావా భాషలో ఎదుటివాని అంతస్తును బట్టి వాక్యములోని పదములే మారును. క్రింది మెట్టు 'ఙోకో', నడిమి మెట్టు 'మద్య', పై మెట్టు 'క్రమ'. చివరి రెండు పేర్లును సంస్కృతపు మధ్య, క్రమ శబ్దములే యని వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటికి ఙోకోలో 'ఒమహ్' అను మాట యున్నది. క్రమలో 'గ్రియ' యన్నది గృహశబ్దమే. తినుటకు సమానునితో ఒక మాట, పెద్దవానితో ఒక మాట, పెద్దవాడు తినుటను గూర్చి చెప్పునప్పుడు వేరొక మాట. మాతరం రాజ్యపు కొలువులలో విస్తరించిన ఈ పద్ధతికి సోలో, యోగ్యకర్త నగరముల వాడుక ప్రమాణమైనది.

ఈ కొలువులకు దూరముగా, మధ్యజావా పడమటి భాగమున బన్యుమాస్ ప్రాంతము కలదు. అచ్చటివారు పదాంతపు అకారమును అకారముగనే పలుకుదురు. సోలో, యోగ్యకర్తలలో అది ఒకారమునకు దగ్గరగా మారినది. అన్నమును ఇచ్చట 'సెగ' అందురు, అచ్చట 'సెగొ' అందురు. 'ఏమి' యను అర్థముగల 'అప' యను మాటను వారు పలుకు తీరును బట్టియే ఆ మాండలికమునకు 'ఙపక్' అను ఎగతాళి పేరు వచ్చినది. నిజమునకు ఈ అకారమే ప్రాచీన జావా ఉచ్చారణమునకు దగ్గరది. బన్యుమాస్‌వారి నిత్యవ్యవహారమున ఙోకోయే యెక్కువ. పై మెట్ల భాష బొత్తిగా లేదని కాదు. అది నేర్చుకొని వాడునది, ఇంట పుట్టినది కాదు. దీని ఫలితము తెలుగు పాఠకునికి విడమరచి చెప్పనక్కరలేదు. చిరకాలము నాటకములందును తెరమీదను ఙపక్ మాటలాడువాడు నౌకరో, నవ్వించువాడో. నేడు ఆ ప్రాంతపు యువజనులు ఆ పరిహాసపు పేరునే తమ గుర్తుగా తల కెత్తుకొనుచున్నారు. బన్యుమాస్ నవలాకారుడు అహ్మద్ తోహారి 1982లో ఇండోనేసియా భాషలో వెలువడిన తన ప్రసిద్ధ నవలను తరువాత తన మాండలికమున తిరిగి వ్రాసినాడు.

జావావారు ఈ మెట్లను మౌనముగ భరించిరని తలపరాదు. పందొమ్మిదవ శతాబ్దాంతమున బ్లోరా ప్రాంతమునందు సామిన్ సురోసెంతికో అనుచరులైన రైతులు డచ్చి ప్రభుత్వపు పన్నులను నిరాకరించిరి. అధికారుల యెదుటను ఙోకోలోనే మాటలాడిరి. సామిన్ 1907లో నిర్బంధింపబడి, ప్రవాసమునందే 1914లో మరణించెను. 1917లో సురబయ నగరమున 'జావా దిప' యను ఉద్యమము పుట్టినది. అందరును అందరితోను ఙోకోలోనే మాటలాడవలెననునది దాని కోరిక. ఈ రెండు ఉద్యమములనుండి నేర్వవలసినది యొకటి కలదు. వారు క్రొత్త భాషను పుట్టింపలేదు. అదివరకు పైవాడు క్రిందివానితో వాడుచున్న మాటలనే క్రిందివాడును పైవానితో వాడవలెననిరి. వారు మార్చదలచినది పదములను కాదు, వాని రాకపోకలను.

అమెరికా పండితులు రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ఐరోపా భాషల సర్వనామములను గూర్చి ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున చేసిన విభజనయు ఇట్టిదే. ఒకడు నువ్వు అని, రెండవవాడు మీరు అనవలసి వచ్చినచో అది అధికారము. ఇరువురును నువ్వు అనుకొన్నను, ఇరువురును మీరు అనుకొన్నను అది సమానత. వ్యాకరణములో రూపములు జాబితాగా నుండును. సంఘములో అవి జంటలుగా నుండును. జంటను చూడక రూపమును మాత్రము చూచువానికి ఏ మాండలికపు మర్యాదయు బోధపడదు.

ఈ కొలతతోనే తెలంగాణపు మాటను గూడ కొలువవలెను. అభిమానము చాటున లోపమును దాచుట పరిశోధన కాదు. ఆ మాండలికమునందు సమత సహజగుణమని వాదించువారు ఒక వాక్యమునకు సమాధానము చెప్పవలసియున్నది. దొరల గడీల ముందు రైతుకూలీలు తలవంచి పలికిన "నీ బాంచెన్, కాల్మొక్త" అను వాక్యమది. 'బాంచ' యనగా బానిస. తెలుగునాట పుట్టిన దాస్యవాక్యములలో దీనికి మించినది వెదకినను దొరకదు. ఇందలి సర్వనామ మేది? 'నీ' యే, 'మీ' కాదు. ఏకవచనము సమతకు హామీ యగునేని ఈ వాక్యము పుట్టియుండదు. దొరయు కూలిని నువ్వనెను, కూలియు దొరను నువ్వనెను. ఐనను ఆ యిరువురి నడుమ నున్నది సమానత కాదు. దొర నోట వచ్చిన ఏకవచనమునకు వెనుక వెట్టిచాకిరి యున్నది. కూలి నోట వచ్చిన ఏకవచనమునకు ముందు నేలకు వంగిన నడుము ఉన్నది. కూలివారి పేర్లకు డుజ్ఞులు తగిలించి, సగము విరిచి పిలిచినదియు ఈ మాండలికముననే. 1946 నుండి 1951 వరకు నడచిన రైతాంగ పోరాటము భూమికొరకు, వెట్టి విముక్తికొరకు జరిగినది. దాని వెంట ఈ వాక్యమును పలుకనను పట్టుదలయు వచ్చినది. మాండలికము మారలేదు, అందులోని యొక జంట తెగినది.

స్త్రీల విషయమున ఏ ప్రాంతపు తెలుగును గర్వింపదగినది కాదు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది అని రెంటికిని ఒకే క్రియను వాడుట తెలుగునాడంతటను కలదు. మర్యాదకు పేరుపడిన శిష్టభాషయందును ఇంటి స్త్రీని, పనిచేయు స్త్రీని 'అది' యని నిర్దేశించుట ఇటీవలి వరకు తప్పుగా తోచలేదు. మీరు, గారు అను రూపములెన్ని యున్నను అవి ఎవరికి దక్కుచున్నవి, ఎవరికి దక్కుట లేదు అనునదియే ప్రశ్న.

ఈ వెలుగులో సూరత్ తెలుగును చూచినచో ఒక విశేషము గోచరించును. అచ్చటి నేతపనివాని యజమాని శేఠ్. అతనితో మాట గుజరాతీలోనో హిందీలోనో సాగును. పొరుగున పనిచేయువాడు గంజాము జిల్లా ఒడియావాడు కావచ్చును, ఉత్తరప్రదేశీయుడు కావచ్చును, వారితో హిందీ. ఇక తెలుగు దేనికి మిగిలినది? ఇంటికి, పేటకు, పెండ్లికి, మార్కండేయుని పూజకు, బతుకమ్మ యాటకు. అనగా తనవంటివానితో మాటలాడుటకు. ఊరిలో ఈ మాండలికమునకు రెండు ముఖములుండెను: దొర యెదుట వంగినది యొకటి, వాడకట్టులో వరుస కలిపినది యొకటి. సూరత్‌కు వచ్చిన తెలుగులో మొదటి దానికి పనిలేకపోయినది. ఆజ్ఞలు పరభాషలో వచ్చుచుండగా, తల్లిభాషకు ఆజ్ఞ మోయు పని తప్పినది. కావున వలసతెలుగున వరుసల సంబోధన ఊరికంటె నిక్కముగా సమానుల సంబోధనయై యుండునని ఊహించుటకు అవకాశము కలదు. ఇది ఊహయే, దీనిని క్షేత్రపరిశోధనయే నిర్ణయింపవలెను. కాని ఇంతటి విలువగల ప్రశ్న వేయుటకు వీలైన చోట్లు తెలుగువారికి తరచుగా దొరకవు.

ఆతిథ్యమిచ్చిన గుజరాతీయు ఈ విషయమున ప్రతికూలము కాదు. గుజరాతీలో తూ, తమే, ఆప్ అను మూడు సర్వనామములు కలవు. ఐనను నిత్యవ్యవహారమున గౌరవమును మోయునది పేరునకు చేర్చు భాయి, బేన్ అను మాటలు. మంత్రి పేరునకును, మగ్గము నడుపువాని పేరునకును చేరునది ఆ భాయియే. అన్న, అక్క అను అలవాటుతో వచ్చినవానికి ఇది పరాయిగా తోచదు. పైగా సూరత్ గుజరాతీకే మోటుమాట యను పేరున్నది. తిట్లు కలిసిన ఆ పలుకుబడిని తక్కిన గుజరాతీయులు పరిహసింతురు. గుజరాతీ భాషకు 1873లో 'నర్మకోశ' మను నిఘంటువును సమకూర్చి యిచ్చిన కవి నర్మద్ పుట్టినది ఆ సూరత్‌లోనే. మోటుమాటల ఊరినుండియే భాషకు కోశము వచ్చినదనుట మరువరాదు.

వలసవచ్చినవారి భాష ఇచ్చి పుచ్చుకొనుచునే యుండును. నేడు సిరిసిల్లలో మరమగ్గమును 'సాంచా' యందురు. మరాఠీ, గుజరాతీలలో యంత్రమునకును అచ్చునకును వాడు మాటయే ఇది. పశ్చిమతీరపు నేతపేటలకు పోయి తిరిగివచ్చినవారి వెంట తెలంగాణకు చేరిన మాటలు ఇట్టివి ఎన్నియో యుండును. భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశములలో మొదటిది, వ్యవసాయమును గూర్చినది, 1962లోను, రెండవది, చేనేతను గూర్చినది, 1971లోను ప్రకటితమైనవి. నేతపనివాని పడుగును పేకను నాడెను ఆ కోశము పదిలపరచినది. అది ఆ రాష్ట్రపు జిల్లాలలో సేకరించినది. భివండీ, సోలాపురము, సూరత్ మొదలగు చోట్ల మగ్గములయొద్ద నిలిచిన తెలుగు దాని యెల్లలకు వెలుపలనున్నది. అంతకంటె ముఖ్యమైనది, పనిముట్ల పేర్లు సేకరించినట్లు పిలుపులను సేకరించు యత్నము ఇంకను విరివిగా సాగవలసియున్నది.

ఇక అసలు చిక్కు. సూరత్ నగరపాలక సంస్థకు చెందిన ప్రాథమిక విద్యాసమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమమునను పాఠశాలలు నడుపుచున్నది. పరరాష్ట్రమున శ్రామికుల బిడ్డలకు తల్లిభాషలో చదువు దొరకుట గొప్ప విషయము. ఐనను పాఠ్యపుస్తకపు తెలుగునకును పేటలోని తెలుగునకును నడుమ దూరమున్నది. "మా నాయిన వచ్చిండు" అని వ్రాసిన బిడ్డతో, అది తప్పనియు, "మా నాన్నగారు వచ్చారు" అనవలెననియు ఏ ఉపాధ్యాయుడైనను చెప్పవచ్చును. సదుద్దేశముతోనే చెప్పవచ్చును. కాని ఆ దిద్దుబాటులో బిడ్డ నేర్చుకొనునది క్రొత్తరూపము మాత్రమే కాదు. తన తండ్రిని తాను ఇంతవరకు అవమానించుచుంటినని గూడ నేర్చుకొనును.

ఇట్టి దిద్దుబాటు వరంగల్లులో ఒక ఫలితము నిచ్చును, సూరత్‌లో వేరొక ఫలితము నిచ్చును. వరంగల్లులో సిగ్గుపడిన బిడ్డకు చుట్టును తెలుగే యున్నది. అతడు క్రమముగా శిష్టభాషవైపు జరుగును. సూరత్‌లో సిగ్గుపడిన బిడ్డ శిష్టభాషవైపు జరుగడు. అచ్చట వీధిలో శిష్టతెలుగు లేదు. అతని కందుబాటులో నున్నవి హిందీ, గుజరాతీ. పై చదువు, ఉద్యోగము, హజీరా కర్మాగారపు వాకిలి, అన్నియు వానివైపే పిలుచుచున్నవి. ఇంజనీరు మొగము చిట్లించిన మరునాడు ఆ యువకుడు అతనితో "మీరు ఎక్కడినుండి వచ్చారండి" అని పలుకడు, హిందీలో పలుకును. హిందీలో 'ఆప్' అనుట అతనికి వచ్చును. అచ్చట తప్పుపట్టువాడు లేడు. మాండలికమును వెక్కిరించి శిష్టభాషను నిలుపగలమని తలచువారు స్వరాష్ట్రపు లెక్కను పరరాష్ట్రమున వేయుచున్నారు. అచ్చట మాండలికము పోయిన తరువాత నిలుచు తెలుగు ఏదియు లేదు.

కావున చేయవలసిన పనులు మూడు. మొదటిది, ప్రాథమిక తరగతులలో ఇంటి రూపములను తప్పుగా దిద్దక, రెండవ రూపమును అదనపు సంపదగా నేర్పుట. 'నాయిన వచ్చిండు' ఇంటిమాట, 'నాన్నగారు వచ్చారు' గ్రంథపు మాట, రెండును తెలుగే యని చెప్పుటకు ఉపాధ్యాయునికి పట్టునది ఒక్క నిమిషము. శిష్టరూపములు అక్కరలేదనుట ఈ వాదము కాదు. దరఖాస్తు వ్రాయుటకు, సభలో మాటలాడుటకు, తెలుగునాడంతటితో వ్యవహరించుటకు అవి కావలెను. వానిని శ్రామికుల బిడ్డలకు నేర్పకుండుటయు అన్యాయమే. రెండవది, తెలుగు శాఖలు, ముఖ్యముగా తెలుగునాడు వెలుపలనున్న విశ్వవిద్యాలయముల శాఖలు, వలసపేటల సంబోధనలను జంటలుగా సేకరించుట. ఎవరు ఎవరిని ఏమని పిలుతురు, తిరిగి ఏమని పిలువబడుదురు. భర్త భార్యను, భార్య భర్తను. అత్త కోడలిని, కోడలు అత్తను. పాతకాపు కొత్తగా వచ్చిన కూలిని, ఆ కూలి పాతకాపును. తాతలు బ్రదికియుండగానే ఈ పని జరుగవలెను. మనుమల నోట ఆ జంటలలో సగము హిందీకి మారిపోవుచుండును. మూడవది, విమర్శలలోను పాఠములలోను ఒక మాండలికమును 'మర్యాదగలది', మరొక దానిని 'మర్యాదలేనిది' యను వర్ణనమును పండితులు విడిచిపెట్టుట. అట్లే, తమ మాండలికము పుట్టుకతోనే సమతాభాష యని చెప్పుకొనుటను గూడ విడిచిపెట్టుట. మొదటిది పరులను తక్కువ చేయును. రెండవది, బాంచెన్ అని పలికిన పెద్దల బాధను లెక్కనుండి కొట్టివేయును.

ఆంధ్రప్రదేశమున ఆగస్టు 29ని తెలుగుభాషా దినోత్సవముగ జరుపుకొందురు. అది 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారి జన్మదినము. తెలంగాణమున 2014 నుండి సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవము; అది 1914లో జన్మించిన కాళోజీ నారాయణరావుగారి జన్మదినము. గిడుగువారు గ్రంథములలోని భాషనుండి జనులు మాటలాడు భాషవైపు నడువుమనిరి. ఆ నడక కృష్ణా గోదావరీ మండలముల శిష్టుల వాకిట ఆగిపోయినదని, ఇంకను ముందుకు పోవలెనని కాళోజీ పట్టుబట్టిరి. ఇరువురి మాటయు ఒకటే దారిలోనిది. ఆ దారి రాష్ట్రపు పొలిమేరతో ముగియదు. సూరత్ నేతపేటలో పలికెడు "అన్నా, ఎట్లున్నవే?" అను పలుకరింపును తప్పుగా గాక పలుకరింపుగా వినగలిగిన నాడు, దానికి అదే వరుసతో "మంచిగున్న తమ్మీ" యని బదులు చెప్పగలిగిన నాడు, ఆ దారి మరికొంత సాగినట్లగును. పిలుపునకు సాటియైన బదులు దొరకుటయే మర్యాద. పండితలోకము ఆ బదులు పలుకుటకు వెనుదీయకుండుగాక.